తాతయ్య కుర్చీ వైపు ఒరిగే పగడాలు

బంగారూ,

నువ్వు పెంచే సముద్రపు పగడాల తొట్టిలో నీళ్ళు తగ్గితే మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. ఆవిరయ్యేది నీళ్ళేనట, ఉప్పు అడుగునే ఉండిపోతుందట. అది తెలియక వారం రోజులు ఉప్పు కలిపి పోసి, పాపం, వాటి ప్రాణాలు తోడేశాను. కూర గిన్నె మూత పెట్టి ఉంది, వేడి చేసుకో. పగడాలమ్మిన షాపతను సాయంత్రం ఐదింటికి వస్తాడు. ఇంత సుకుమారమైనవి ఉంచుకోవాలా, తిరిగి ఇచ్చెయ్యాలా అని నన్నడిగావు కదా. ఇచ్చెయ్యమ్మా.

ఉప్పు పోశానన్న బాధతో అంటున్నాననుకునేవు, అందుకు కాదు. మొన్న తొట్టి కడుగుదామని నీళ్ళు తిప్పే మోటారు ఆపాను. నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి. అయినా పగడాల తీగలన్నీ మీ తాతయ్య కుర్చీ వైపు ఒరిగి ఊగుతున్నాయి. కుర్చీ తీసుకెళ్ళి వంటగదిలో పెట్టాను. అన్నం వార్చి వచ్చేసరికి వంటగది వైపు తిరిగి ఉన్నాయి. ఆయన పోయిన ఏడాదికి కదే ఆ తొట్టి కొన్నావు! ఆయనెవరో వాటికేం తెలుసు?

"ఏవండీ, మీరేనా?" అన్నాను. అన్నీ ఒక్కసారే ముడుచుకుని విచ్చుకున్నాయి. మాట పడిపోయాక ఆయన కళ్ళు మూసి తెరిచి ఔననేవారే, అచ్చం అలాగే.

నాకు భయం వెయ్యలేదే తల్లీ. నిన్న పొద్దున తొట్టి ముందు కూర్చున్నదాన్ని, సాయంత్రం నువ్వొచ్చి భుజం తట్టేదాకా లేవలేదు. "ఏంటి నాయనమ్మా, పస్తున్నావా?" అంటే నిన్ను కసిరాను కూడా. మాట మధ్యలో వచ్చావని.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నా, ఆరింటికి వచ్చేస్తా.

నేనొచ్చేలోపే పంపెయ్. ఇంట్లో ఉంటే నేను ఇవ్వనివ్వను.