గూడు వదలని పక్షి పక్కన

బాతెల్‌లో మన ఇంటి దగ్గర ఉన్న శ్రీవారికి చాముండేశ్వరి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నాతో పనిచేసే నలుగురూ క్షేమం. మీరూ, పిస్కాటవేలో చదువుకుంటున్న మన అమ్మాయి అలేఖ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం పోయిన బోటులో అందింది. తాగే నీళ్ల సంగతి అడిగారు. ఈ దీవిలో బావి లేదు, వాగు లేదు, వాన పేరుకే. సముద్రపు నీళ్లను మెషిన్‌తో మంచినీళ్లు చేసుకుంటాం. స్నానం ఉప్పునీళ్లతోనే. కొండా గుట్టా ఏమీ లేవు. పగడపు ముక్కలు పరుచుకున్న బల్లపరుపు నేల, ఎండిన గడ్డి, అక్కడక్కడా పొదలు. ఎటు తిరిగినా సముద్రమే. పాములు లేవు, భయపడకండి. శంఖాలు మోసుకు తిరిగే పీతలు మాత్రం నా చెప్పుల్లో దూరుతుంటాయి.

నా పని పక్షుల గూళ్లు చూడడం. ఒంటి నిండా తెలుపు, తోకకు రిబ్బన్ల లాంటి రెండు ఎర్రటి ఈకలు. పొద కింద నేలమీదే ఒక్క గుడ్డు పెడతాయి. ఒకటి చేపల కోసం సముద్రం మీదికి పోతే, అది వచ్చేదాకా రెండోది రోజుల తరబడి తిండి లేకుండా పొదుగుతుంది.

కాలు ఎలా ఉందన్నారు. తగ్గింది. కానీ ఎలా బెణికిందో మీకు పూర్తిగా రాయలేదు. ఆ రోజు ఒక్కదాన్నే దీవి చివరకు వెళ్లాను. ఇక్కడ వేరే రకం పక్షులు కొన్ని నేలలో బొరియలు తవ్వుకుంటాయి. పైకి గట్టి నేలలాగే కనిపిస్తుంది. అడుగు వేయగానే తొడదాకా దిగబడ్డాను. మేం ఒకరితో ఒకరు మాట్లాడుకునే చేతి రేడియో ఎక్కడో జారిపోయింది. కాలు లాక్కుని దగ్గర్లోని పొద నీడకు పాకాను. అక్కడ ఒక ఎర్రతోక పక్షి గుడ్డు మీద ఉంది. అరిచింది, నా చెయ్యి పొడిచింది, లేవలేదు. కాసేపటికి అలవాటు పడింది. ఎండ దిగేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

సాయంత్రం రేడియోలో అందరి పేర్లూ పిలుస్తారు. నేను పలకకపోయేసరికి వంట వదిలేసి నలుగురూ వెతుకుతూ వచ్చారు. ముందు వచ్చింది నైనిక, సన్నీవేల్‌లో పుట్టిన తెలుగు పిల్ల.

"ఆంటీ, నువ్వు ఎక్కడ పోయావ్? పిలిచాం, పిలిచాం, నువ్వు ఆన్సర్ చేయలేదు," అని నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

"పెయిన్ చాలా ఉందా ఆంటీ?"

అవునన్నాను. అది అబద్ధమండీ. కిందటి చలికాలం మంచులో కారు ఇరుక్కుని, ఫోన్ ఆగిపోయి, బాగా పొద్దుపోయాక ఇల్లు చేరాను. మీరు లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా "పాలు తెచ్చావా?" అన్నారు. తెచ్చానన్నాను. అలేఖ్య కాలేజీకి వెళ్లినప్పటి నుంచీ మనింట్లో అలాంటి మాటలే. అందుకే, ఆ పొద దగ్గర నన్ను వెతుక్కుంటూ మనుషులు వస్తే తట్టుకోలేకపోయాను.

మీరు చెడ్డవారని రాయడం లేదు. మీరెంత ఒంటరిగా ఉన్నారో నేనూ ఏనాడూ అడగలేదు.

నేను తిరిగి రావాల్సిన బోటు రేపు వస్తుంది. ఎయిర్‌పోర్ట్‌కు ఎన్నింటికి రావాలని అడిగారు. రావద్దండి. మా టీమ్ లీడర్ నీల్ ఇంకో సీజన్ ఉంటారా అని అడిగితే ఉంటానన్నాను. మీతో చెప్పకుండానే ఒప్పుకున్నాను. ఈ ఉత్తరం ఒక్కటే బోటెక్కుతుంది.

అమ్మాయికి నేనే రాస్తాను. ఈసారి ఉత్తరంలో ఇంటి రిపేర్ల సంగతులు వద్దు. పొద్దున లేచి ఏం చేస్తున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో రాయండి.

ఇట్లు,
ఇంకా మీ భార్యే అయిన
చాముండేశ్వరి