ఓక్రన్ గొంతు

నవంబర్ 3, 1976. సియోల్

ఏడు సినిమాల నుంచీ హీరోయిన్ ఛా ఓక్రన్‌కి గొంతు నాదే. మా సినిమాల్లో కెమెరా ముందు ఒకరు, మైకు ముందు ఇంకొకరు. ఆమె అసలు గొంతు జనానికి తెలియదు. బొంగురు గొంతు, బుసాన్ యాస అని విన్నాను. మనిషిని ఇంతవరకూ కలవలేదు. పెదాలు మాత్రం నాకు కంఠతా వచ్చు. రోజంతా డబ్బింగ్ గది చీకట్లో వాటినే చూసి, ఇంటికొచ్చి చల్లారిన అన్నంలో బార్లీ నీళ్లు పోసుకుని తింటాను. మాట్లాడ్డానికి ఎవరూ ఉండరు.

నవంబర్ 9

సెన్సార్ వాళ్లు కొత్త సినిమా క్లైమాక్స్ ఒప్పుకోలేదు. విగ్గుల ఫ్యాక్టరీ గేటు దగ్గర హీరోయిన్, నా స్నేహితురాలు మిషన్ దగ్గరే చచ్చిపోయింది, ఇక లోపలికి రాను అంటుంది. తప్పు నాదే, దేశం కోసం ఇంకా కష్టపడతాను అని మార్చాలట. మళ్లీ షూటింగంటే ఓక్రన్ ససేమిరా అందట. డైరెక్టర్ యూ, ఆవిడ రాకపోతేనేం, తెర మీద నోరు కదులుతోందిగా, నువ్వు కొత్త మాటలు పెట్టెయ్ అన్నాడు. ఎమర్జెన్సీ రోజులమ్మా, కాదంటే నీకూ నాకూ ఇంకో సినిమా ఉండదు అని కూడా అన్నాడు, చాలా మెల్లగా.

నవంబర్ 10

పెట్టాను. అతికినట్టు సరిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. సిగ్గేసింది.

నవంబర్ 27

ఆ సినిమా మ్యాట్నీకి వెళ్లాను. జాతీయగీతానికి అందరితో పాటు లేచి నిలబడ్డాను. వెనక, ప్రతి హాల్లోనూ పోలీసుల కోసం ఉంచే సీట్లో ఒకాయన వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు.

క్లైమాక్స్‌లో ముందు వరసలోంచి స్కార్ఫ్ కట్టుకున్న మనిషి లేచింది. నేనలా అన్లేదు, అవి నా మాటలు కావు అంది. బొంగురు గొంతు, బుసాన్ యాస. జనం నవ్వారు. కూర్చోవే పిచ్చిదానా, ఓక్రన్ గొంతు మాకు తెలీదా అన్నాడొకడు. ఆమె స్కార్ఫ్ తీసేసింది. మొహం పోలికుందే గానీ ఆ గొంతేదీ అంది నా పక్కనావిడ. ఆమె ఎంత గట్టిగా చెబితే అంత నవ్వారు. ఇన్నేళ్లూ నేను ఆమెకి గొంతు ఇచ్చాననుకున్నాను. తీసుకున్నానని ఇవాళ తెలిసింది.

వద్దు వద్దు అనుకుంటూనే లేచాను. ఆవిడ అన్లేదు, నేనన్నాను అన్నాను, తెర మీది గొంతుతోనే. నవ్వులు ఆగిపోయాయి. ఆమె తిరిగి నన్ను చూసింది. దగ్గరికి వెళ్లేలోపే పోలీసాయన ఆమెని పక్క తలుపులోంచి తీసుకుపోయాడు. ఇంకొకాయన నా పేరూ అడ్రసూ అడిగి పంపేశాడు.

నవంబర్ 28

స్టూడియో నుంచి కబురు లేదు. ఆమె గురించి ఎవర్ని అడగాలో తెలియదు.

నవంబర్ 30, ఉదయం

నన్ను తీసుకెళ్లడానికి ఇద్దరు పోలీసులు వచ్చారు. కోటు తెచ్చుకుంటానని లోపలికొచ్చి రాస్తున్నాను. నేను నోరు తెరవగానే పెద్దాయన మొహం వెలిగిపోయింది. వాళ్లావిడకి ఈ గొంతంటే ప్రాణమట. జీపెక్కే ముందు ఒక్క డైలాగ్ చెప్పమ్మా అని గుమ్మంలో నిలబడి బతిమాలుతున్నాడు.

ఇక వీళ్ల ముందు నోరు విప్పను.