పసుపు కప్ప దూకిన రోజు

మస్కట్,
శుక్రవారం

అక్కా,

నీకు, బావకు దండాలు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావ పొద్దున్నే నడుస్తున్నాడా, లేక పొలం పేరు చెప్పి తప్పించుకుంటున్నాడా? చిన్ని బడికి ఏడవకుండా వెళ్తోందా? నీ మరదలు లావణ్యకు అయిదో నెల వచ్చింది కదా, నువ్వు వారానికి ఒకసారైనా వాళ్ల పుట్టింటికి వెళ్లి చూసి రా. ఫోన్‌లో నేను అడిగితే "అంతా మంచిగనే ఉంది" అంటుంది. నువ్వు చూసి చెబితేనే నాకు నమ్మకం.

నేను బాగున్నాను. ఈ ఉత్తరంలో ఈ మాట మళ్లీ మళ్లీ రాస్తాను, ప్రతిసారీ నమ్ము. ఫోన్‌లోనే చెప్పేవాణ్ని గాని, ఈ సంగతి నోటితో చెప్పేటంత చిన్నది కాదు. అది విని నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేనూ ఆగలేను. అందుకే రాస్తున్నాను.

పోయినసారి నువ్వు నవ్వావు కదా, "కప్పలకు మేత వేసుడు గూడ ఒక డ్యూటీయేనారా?" అని. నిజ్వాలో సైట్ మీద ఎండలో ఇటుకలు మోసినప్పటికంటే ఇది నయమే అక్కా. అద్దాల మేడలో చల్లగా ఒక అడవిని కట్టారు. బయట అడుగు పెడితే ముఖం మీద వేడి ఆవిరి కొడుతుంది, లోపల మాత్రం తుంపర్లు పడుతూ ఉంటాయి. అందులో ఒక గది నిండా విషపు కప్పలు. బొటనవేలంత ఉంటాయి. నీలం, ఎరుపు, పసుపు, పండగకు ముగ్గులో నింపిన రంగుల్లా.

వాటి కథ మా కప్పల డాక్టర్ మరియం చెప్పింది. ఆమె ఈ దేశం మనిషే, మాతో హిందీలో మాట్లాడుతుంది. ఈ జాతి కప్పల పూర్వీకులు మట్టిరంగులో ఉండేవట. రాలిన ఆకుల్లో కదలకుండా కూర్చుంటేనే బతుకు. తర్వాత కొన్నిటికి చీమలు, సన్నటి పురుగులు తినడం అలవాటైంది. ఆ పురుగుల చేదు వాటి చర్మంలో విషంగా చేరింది. అటువంటి కప్పను నోట పెట్టిన పిట్ట ఉమ్మేసి, మళ్లీ దాని జోలికి పోదు. కానీ పిట్టకు గుర్తుండాలి కదా? మట్టిరంగు గుర్తుండదు, మెరిసే రంగు గుర్తుంటుంది. అలా మెరిసేవి ఎక్కువ బతికాయి, వాటి పిల్లలు ఇంకా మెరిశాయి. తరాలు తరాలు గడిచేసరికి దాక్కోవడం మానేసి, పట్టపగలే తిరిగే కప్పలు తయారయ్యాయి. కొన్నయితే రెండూ నేర్చాయి. వాటి చారలు దూరం నుంచి ఆకుల నీడలో కలిసిపోతాయి, దగ్గరికి పోతే భయపెడతాయి. విషం లేని మట్టిరంగు చుట్టాలు ఇప్పటికీ దాక్కునే బతుకుతున్నాయి, మా గదిలోనూ కొన్ని ఉన్నాయి.

మా దగ్గర పుట్టిన వాటికి విషం ఉండదు. మేము పండ్ల ఈగలు వేస్తాం, అడవి చీమలు ఎక్కడివి? రంగు మాత్రం అలాగే ఉంటుంది. చూడ్డానికి వచ్చేవాళ్లకు నేనే చెప్పేవాణ్ని, "భయపడకండి, ఇవి ఉత్త బెదిరింపులే" అని.

పోయిన నెల ఒక పెద్ద మనిషి తన విల్లాలో పెంచుకున్న పసుపు కప్పను తెచ్చి ఇచ్చేశాడు. ఒంటి నిండా ఒకే పసుపు, చిన్న మచ్చ కూడా లేదు. ఆ రకానికి అడవిలో ఉండే విషం అన్నిటికంటే ఎక్కువ. వేటగాళ్లు బాణం మొనను దాని వీపు మీద రుద్దుతారట. ఇది ఎక్కడ పుట్టిందని అడిగితే ఆయన తెలియదన్నాడు. ఇక్కడ పుట్టిందో, అడవిలో పట్టి తెచ్చిందో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. దాన్ని విడిగా ఒక అద్దాల పెట్టెలో ఉంచి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దని మరియం మేడమ్ గట్టిగా చెప్పింది.

మంగళవారం మధ్యాహ్నం చల్లదనం ఇచ్చే మెషిన్ ఆగిపోయింది. దాని బదులు పెట్టినదీ నడవలేదు. కప్పల గది ఉక్కపోసింది. వేడెక్కితే అవి బతకవు అక్కా, పల్చటి చర్మం. మేడమ్ ఆ రోజు దూరంగా ఖురియాత్‌లో ఉంది. ఫోన్ చేస్తే, అన్నిటినీ డబ్బాల్లో పెట్టి చల్లగా ఉండే మా రెండో ఆఫీసుకు తీసుకుపొమ్మంది. మా డ్రైవర్ ఖాజా భాయ్ కారు తెచ్చాడు. కరీంనగర్ మనిషి, నా రూమ్‌లోనే ఉంటాడు. కప్పలంటే చచ్చేంత భయం.

రంగు కప్పలు వెంటనే దొరికాయి. మట్టిరంగు కప్ప ఒకటి దొరకలేదు. కళ్లు ఎంత చించుకున్నా ఆకులే. గ్లవ్స్‌తో చేతికి ఏదీ తెలియడం లేదని తీసేసి వెతికాను. పుల్ల గీసుకుని ఎడమచేయి మీద నెత్తురు వచ్చింది. ఆఖరికి ఒక ఆకు నా వేళ్ల కింద కదిలింది. అదే కప్ప. దాన్ని డబ్బాలో పెట్టేసరికి చెమట కళ్లలోకి కారుతోంది. ఆ తొందరలో పసుపు కప్పను డబ్బాలోకి మార్చుదామని దాని పెట్టె మూత తీశాను. గ్లవ్స్ వేసుకోలేదన్న సంగతి అది దూకాక గాని గుర్తు రాలేదు.

ఎడమచేతి మీద కూర్చుంది. తడిగా, చల్లగా. నేను ఊపిరి బిగబట్టాను.

"కదలకు తమ్మీ," అన్నాడు ఖాజా భాయ్. గుమ్మం దాటి లోపలికి రాని మనిషి, డబ్బా తెచ్చి నా చేతి కింద పట్టాడు. ఆకుతో మెల్లగా తోశాను. కప్ప డబ్బాలో పడింది.

నల్లా కింద చేయి పెట్టి, మేడమ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"గీసుకున్న చోటే కూర్చుందా?" అంది.

"తెలియదు మేడమ్. దగ్గరలోనే."

"దగ్గరంటే ఎంత?" అని మళ్లీ అడిగింది. అప్పుడే నాకు అసలు భయం పట్టుకుంది. "సబ్బుతో కడుగుతూనే ఉండు. తర్వాత నేరుగా ఆసుపత్రికి వెళ్లు. నేను వాళ్లతో మాట్లాడతాను," అంది.

ఆ విషానికి విరుగుడు మందు లేదు. మంచం మీద పడుకోబెట్టి, ఛాతీకి వైర్లు అంటించి గుండెను చూస్తూ కూర్చున్నారు. వేళ్లు తిమ్మిరెక్కినట్టు అనిపించింది. అది విషమో, భయమో, చల్లటి నీళ్లో తెలియదు. లావణ్య గుర్తొచ్చింది. బిడ్డ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుందామంటే ఏమీ కనబడలేదు. దానికే ఎక్కువ ఏడుపొచ్చింది.

ఖాజా భాయ్ బయట కారులోనే ఉన్నాడు. ఏసీ ఆపితే కప్పలు పోతాయి. అందుకని ఇంజిన్ ఆపకుండా, అన్ని విషపు డబ్బాల మధ్య ఒక్కడే అల్లాకు దువా చదువుకుంటూ కూర్చున్నాడు. నర్సు ఫోన్ నా చెవి దగ్గర పెడితే అడిగాడు, "నువ్వు ఉన్నవా తమ్మీ?"

"ఉన్న భాయ్. కప్పలు?"

"వాటి సంగతి నన్నెందుకు అడుగుతవ్? అన్నీ నన్నే చూస్తున్నయి."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే మెషిన్‌లో గుండె గీత ఎగిరిందని నర్సు కోప్పడింది.

సాయంత్రానికి ఏ తేడా లేదని పంపించారు. కప్పలు అన్నీ బతికాయి. నేను బాగున్నాను అక్కా, నిజంగా బాగున్నాను, అన్నం తింటున్నాను.

కానీ నిన్న ఆ విల్లా మనిషిని మేడమ్ పిలిపించి గట్టిగా అడిగింది. అడవిలో పట్టి తెచ్చిందేనట. ఓడ మీద వచ్చిన ఎవరి దగ్గరో కొన్నాడు. అడవి కప్పలో విషం ఏళ్ల తరబడి ఉండిపోతుందని మేడమ్ చెప్పింది. నేను నా చేయి చూసుకున్నాను. పుల్ల గీసిన గీత ఒక చోట, అది కూర్చున్నది ఒక చోట. మధ్యలో ఒక వేలు పట్టేంత జాగా. ఆ కప్ప రంగు నాకు నిజమే చెప్పింది. నేనే వినలేదు.

కంపెనీ వాళ్లు నన్ను మొక్కల పనికి మారుస్తామన్నారు. నేను ఇక్కడే ఉంటానన్నాను. ఖాజా భాయ్ ఆ పూట నన్ను తినడానికి పిలవలేదు. నువ్వూ తిడతావని తెలుసు. కానీ ఆ కప్ప అలవాట్లు తెలిసినవాణ్ని నేనే. కొత్తవాడు వచ్చి నాలాగే తొందరపడితే? ఇక నుంచి రెండు జతల గ్లవ్స్ వేసుకుంటాను, పక్కన ఇంకొకరు ఉంటేనే మూత తీస్తాను. వచ్చినవాళ్లతో "ఉత్త బెదిరింపు" అనడం మానేశాను.

లావణ్యకు ఇప్పుడే చెప్పకు. కాన్పు అయ్యాక నేనే చెబుతాను. ఖాజా భాయ్ వచ్చే నెల లీవు మీద వస్తున్నాడు. ఎల్లిపాయ కారం చేసి అతని చేతికి ఇవ్వు, అతని ఇంటికీ ఒక సీసా పెట్టు. బావకు, పెద్దనాన్నకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. చిన్నికి ముద్దులు.

రేపు పొద్దున ఆ పసుపు కప్పకు మేత వేయాలి. మెషిన్ ఆగిన రోజు తర్వాత నా చేత్తో వేయడం ఇదే మొదలు. ఈ ఉత్తరం నీకు అందేసరికి చాలాసార్లు వేసి ఉంటాను. అయినా చదివిన వెంటనే ఒకసారి నన్ను దీవించు అక్కా.

నీ తమ్ముడు,
నరేశ్