ఈగ కన్ను

అక్కా,

పాప కంట్లో తెల్లమచ్చ కనిపించినా నా సెలవు కోసం ఆగారని తెలిసింది. "మా బామ్మర్ది కళ్ల డాక్టరు, వాడొచ్చి చూస్తాడులే" అని బావ అందరికీ చెబుతున్నాడట. కళ్ల మీద పని అని చెప్పింది నేనే. కానీ అవి ఈగల కళ్లు.

మా ల్యాబులో ఈగను మైనంలో కదలకుండా నిలిపి, దాని కంట్లోని ఒక్క కణంలోకి వెంట్రుక కన్నా సన్నని సూది దించుతాం. వెలుగు పడగానే కణంలో చిన్న కరెంటు పుట్టి, తెర మీద గీత పైకి లేస్తుంది. వెలుగు తీస్తే దిగిపోతుంది. నాకు తెలిసింది అంతే.

టార్చి వేస్తే పాప అటు తిరుగుతోంది కాబట్టి చూపు ఉన్నట్టేనని రాశావు. వెలుగు పడిందని ఈగ కంట్లోని ఆ ఒక్క కణానికీ తెలుస్తుంది. మనిషి మొహం తెలియదు. నువ్వు మాట్లాడకుండా పాప ఎదురుగా నిలబడి చూడు. గుర్తుపట్టినా పట్టకపోయినా రేపే ఆస్పత్రికి తీసుకెళ్లు. బావ అడ్డొస్తే, నేను ఈగల డాక్టరునని చెప్పు.

నీ తమ్ముడు