దాచిన గుండెదడ

అక్కా, నేను నిక్షేపంగా ఉన్నాను, ముందు ఆ మాట అమ్మకి చెప్పు. ఈ మందుల పరీక్షా కేంద్రంలో మాకెవరూ కొకైన్ ఇవ్వడం లేదు. ఆ అలవాటు మాన్పించే కొత్త మాత్ర ఒంటికి హాని చేస్తుందా లేదా అని ఆరోగ్యంగా ఉన్న మాకిచ్చి చూస్తున్నారంతే.

మొన్న మాత్ర వేసుకున్నాక గుండె దడదడలాడింది. ఆ పొడికి బానిసైన బావలాంటివాళ్లకి అందాల్సిన మందు నావల్ల ఆగిపోతుందేమోనని, ఏమీ లేదన్నాను. నాడి చూసిన డాక్టరమ్మకి దొరికిపోయాను. "ప్రజల కోసమే దాచాను!" అని ఎగిరిపడ్డాను.

"మహానుభావా, రేపు దీన్ని మింగేవాళ్ల గుండె ఆ పొడితో ముందే దెబ్బతిని ఉంటుంది. నువ్వు దాచిన దడ వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది" అంది. దడ ఎప్పుడు మొదలైందో అంతా చెప్పేశాను. మోతాదు తగ్గించారు, దడ పోయింది, పరీక్ష సాగుతోంది. ఇప్పుడు ఆవలింత వచ్చినా చెబుతున్నాను, విసుక్కుంటోంది పాపం.

వంటింటి కుళాయి బాగుచేయించావా? నేను పంచే మా సంఘం కరపత్రాలు చిత్తుకాగితాలవాడికి వెయ్యకు. అమ్మకి దండాలు, చంటిదానికి ముద్దులు. బావ మళ్లీ ఆ పొడి ముట్టుకుంటే నీ దగ్గర దాచకుండా చెప్పమను. నేను విన్నా కేకలెయ్యను, ఒట్టు.

నీ తమ్ముడు