గోటి మీద రంగు

ప్రియమైన బావగారికి,

వచ్చేశాయి. మా అమ్మాయి గాజు గొట్టంలో ఎర్రటి స్ఫటికాలు వచ్చేశాయి. నమస్కారాలు తర్వాత పెడతాను, ముందు ఈ మాట మళ్ళీ ఒకసారి చదవండి.

నేను దర్జీ కత్తెరతో బతికినవాణ్ణి, చదువు ఏడో తరగతి. అయినా అమ్మాయి ఫోన్లో చెప్పింది చెప్పినట్టు రాస్తాను. క్రోమియం కార్బొనిల్ అని తెల్లపొడి ఒకటి, ఫుల్వీన్ అని నారింజరంగు నూనె ఒకటి. రెండూ కలిపి వేడిచేయాలి. గాలి మాత్రం సోకకూడదు, అందుకని గొట్టం నిండా నైట్రోజన్ వాయువు. వేడి తగలగానే పొడి పైకి లేచి గొట్టం మెడకు మంచులా అంటుకుంటుందట. దాన్ని పదే పదే కిందికి దించాలి. కిందటిసారి అక్కడే చెడి ఆకుపచ్చ బురద మిగిలింది. మీరు ఇంటింటికీ తిరిగి చెప్పిన బురద అదే.

ఫుల్వీన్ అంటే ఐదు మూలల ఉంగరం, దానికో తోక. క్రోమియం ఆ ఉంగరానికి బొత్తాంలా అతుక్కుంటుంది. తోక బొత్తాం వైపు వంగిందా లేదా అన్నది ఎక్స్‌రే చెప్పాలి. సోమవారం తీయిస్తామని వాళ్ళ ప్రొఫెసరమ్మ అన్నారట.

ఒకటో తేదీలోగా ఫలించకపోతే చదువు మానేసి మీ రంగుల కొట్లో కూర్చోవాలని నలుగురిలో షరతు పెట్టారు. ఇక ఆ కుర్చీలో ఇంకెవరినైనా చూసుకోండి. రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు, మా ఆవిడ దీపం తీసేస్తానంటోంది.

ఆనందంతో,
మీ బావ

*

గౌరవనీయులైన బావగారికి,

ఫోన్లో మనం అరుచుకుంటున్నామని ఆడవాళ్ళు ఉత్తరాలు రాసుకోమన్నారు. మీరు ఉత్తరంలో కూడా అరవగలరని వాళ్ళకు తెలియదు.

ఎర్రగా ఉన్నదల్లా గెలుపైతే నా కొట్లో డబ్బాలన్నీ గెలుపులే. ఎక్స్‌రే కాలేదని మీరే రాశారు. అంటే కాలేదు. పెళ్ళై ఇన్నేళ్ళయింది, కోడలు మా ఇంట్లో ఉన్నది పండక్కొచ్చిన చుట్టంలా. మా అబ్బాయి హోటల్లో తిని కొట్టుకు వస్తున్నాడు. అది మీకు ఆనందం.

ఆదివారం మా వాడితో కలిసి ఆ ప్రయోగశాలకు నేనే వెళతాను. రంగు చూసి చెప్పడం నా వృత్తి.

ఇట్లు,
మీ బావ

*

గౌరవనీయులైన బావగారికి,

మీ ఎర్ర స్ఫటికాలు నల్లబడ్డాయి. మూత సరిగ్గా పెట్టలేదని కోడలే అందరికీ చెప్పుకుంది, నేను అనలేదు. మూత పెట్టడం రానివాళ్ళకు ఏం చదువులు.

మాట ప్రకారం ఒకటో తేదీ నుంచి కొట్టుకు రమ్మనండి. రంగులు కలిపే మిషను నేర్పిస్తాం, ఎలాగూ రంగుల చదువే కదా. మా అక్కయ్యకూ తోడల్లుడికీ తమ్ముడికీ చెప్పేశాను, తర్వాత మాట మారకుండా.

ఇట్లు,
మీ బావ

*

బావగారికి,

ప్రియమైన అని రాసి కొట్టేశాను, కనబడుతూనే ఉంటుంది.

మా పిల్ల మూత మరిచిపోయే మనిషి కాదు. చిన్నప్పుడు నా సూదులు అంగుస్తానంలో, అదే వేలితొడుగులో, పెట్టి దాచి, రాత్రి లేచి మళ్ళీ చూసుకునేది. ఆదివారం దాకా ఎర్రగా ఉన్నది ఆదివారమే ఎందుకు నల్లబడింది? ఆరోజు అక్కడున్నది ముగ్గురు. మీరు పెద్దవారు, ముట్టుకోరనుకుందాం. ఇక మిగిలింది మీ సుపుత్రుడు. పెళ్ళిలో నా టేపు తీసుకుని కుర్చీలు కొలిచిన ఘనుడు. చేతిలో ఏముంటే అది తిప్పుతాడు.

భార్య కష్టం మట్టిపాలు చేసి నోరు మూసుకున్నాడు. అలాంటివాడికా పిల్లనిచ్చాను అనిపిస్తోంది. ఈ మాట రేపు మా వీధిలో వాళ్ళకి కూడా చెబుతాను. చెప్పడం మీకొక్కరికే వచ్చా?

ఇట్లు,
అమ్మాయి నాన్న

*

బావగారికి,

నా కొడుకు పేరు మీ నోట రానివ్వకండి. మూత తీసింది నేను.

చెప్పేశాను, చాలా? కోడలు మాకు కుర్చీలు తేవడానికి పక్కగదిలోకి వెళ్ళింది. మావాడు కిటికీ దగ్గర ఉన్నాడు. గొట్టాలన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. రంగు చూడాలంటే నేను బొటనవేలి గోటిమీద వేసుకుని వెలుగులో చూస్తాను. నలభై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే వెళ్ళింది. నా గోటిమీదే ఎరుపు ముదురు గోధుమరంగై, బురదలా అయింది. ఎంతోసేపు పట్టలేదు.

ఆ పిల్ల వచ్చి చూసి, గొట్టం వంక చూడలేదు. నా చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టి, “మామయ్యా, కళ్ళు రుద్దుకోకండి, నోట్లో పెట్టుకోకండి” అంటూ రుద్ది రుద్ది కడిగింది. ఆ తర్వాతే గొట్టం దగ్గరికి వెళ్ళింది. మూత తనే వదులుగా పెట్టానని చెబుతానంది. నేను వద్దనలేదు.

మావాడు అప్పటినుంచీ నాతో మాట్లాడడం లేదు. జ్వరమని స్నేహితుడి గదిలో పడుకున్నాడు. వాణ్ణి మీరు అనేది ఏమీ లేదు.

అయినా షరతు షరతే. ఎవరివల్ల పోయినా పోయింది పోయింది. ఒకటో తేదీ.

ఇట్లు,
మీ బావ

*

ప్రియమైన బావగారికి,

వంగింది. తోక బొత్తాం వైపు వంగింది. ఎక్స్‌రే బొమ్మ నా ఎదురుగా బల్లమీద ఉంది, మా ఆవిడ నాలుగుసార్లు తుడిచింది. రేపటికి ఒకటో తేదీ.

మీరు చెడగొట్టిన మర్నాడే పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. మీ అబ్బాయికి జ్వరం లేదు. ప్రొఫెసరమ్మను బతిమాలుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, గొట్టం మెడకు పట్టిన ఆ తెల్లమంచును వేడిగాలితో కిందికి దించుతూ కూర్చున్నాడు. మిగతావేవీ ముట్టుకోలేదట. వాణ్ణి నేనన్న మాటలు వాడి ముందే వెనక్కి తీసుకున్నాను. “పర్లేదు మామయ్యా, కుర్చీలు కొలిచింది నిజమే” అన్నాడు. వాళ్ళిద్దరూ ప్రయోగశాల పక్క వీధిలో గది తీసుకున్నారు. ఇక మీ కొట్టుకు ఇద్దరూ రారు.

ఇప్పుడు మీ సంగతి. మీ ఉత్తరం చదివేదాకా నాకు ఏమీ తెలియదు. కన్నతండ్రిని, నాకూ చెప్పలేదు అది. మీరు తెరిచారు, పిల్ల తప్పు తన నెత్తిన వేసుకుంది, మీరు ఆ తప్పే చూపించి షరతు గుర్తుచేశారు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని మొండివాడనుకున్నాను. పొరపాటుపడ్డాను, మీరు పిరికివారు. ఇంత సంతోషంలోనూ ఆ మాట తియ్యగా రాయడం నాకు చేతకావడం లేదు.

ఊరంతా చెబుతానని కూర్చుంటే పిల్ల ఫోన్లో, “నాన్నా, ఆయన చెయ్యి వణికింది. నేను పట్టుకున్నాను కదా, నాకు తెలుసు. ఎవరికీ చెప్పకు” అంది. అందుకని మూత సంగతి నా నోటినుంచి రాదు. మీమీద గౌరవంతో కాదు.

అయితే నా కూతురు ఓడిందని మీరు ఎక్కడెక్కడ చెప్పారో అక్కడక్కడ గెలిచిందని మీరే, మీ నోటితో, ఎదురుగా వెళ్ళి చెప్పాలి. ఫోన్లు కుదరవు. వీళ్ళకి:

మీ అక్కయ్యగారికి, గట్టిగా, కుడిచెవి వైపు నిలబడి.

మీ తోడల్లుడికి. ఆకుపచ్చ బురద అని నవ్వాడట, కాబట్టి ఎరుపు అన్న మాట రెండుసార్లు.

మీ తమ్ముడికీ మరదలికీ, ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు.

మీ మేనకోడలికి. అదీ చదువుకుంటానంటోందట, మీరు వద్దంటున్నారట.

మా చెల్లెమ్మకి, అంటే మీ ఆవిడకి. ఆవిడకి ఈపాటికి తెలుసు, అయినా మీరు చెప్పండి.

చివరగా మీ అమ్మగారికి. మరి ఆ ఆదివారం మూత ఎలా ఊడిందిరా అని ఆవిడ అడుగుతుంది. ఆవిడకి ఏం చెబుతారో అది మీ ఇష్టం.