ఎర్రగుడ్డ కట్టిన గుమ్మడికాయ

చిరంజీవి మరదలికి, వదిన దీవించి రాసేది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం, ఒక్క గుమ్మడికాయ తప్ప.

వానలు తగ్గి ఆకురాలు కాలం వచ్చేసింది. పొద్దున్నే తోటలోకి దిగితే కాళ్ళు జివ్వుమంటున్నాయి. టమాటా మొక్కలు పీకి ఎరువుగుంటలో వేశాం. గుమ్మడి ఆకులు కూడా ఎండిపోయాయి కదా, ఆ చివరి కాయ తెచ్చుకుందామని నిన్న వెళ్ళి చూస్తే, ఎర్రగుడ్డ కట్టిన ఆ కాయ లేదు.

అది విత్తనాల కాయ. మందులు వేయని తోట మనది, కొన్న విత్తనం నాటే అలవాటు లేదు. మీ అమ్మగారు ఏటా ఒక మంచి కాయకు ఎర్రగుడ్డ కట్టి, తీగ మీదే ముదరనిచ్చి, గింజలు తీసేవారు. పోయే ముందు నా చేతిలో పెట్టింది నగలు కాదు, ఆ గింజలు. ఉన్నవన్నీ ఈ ఏడు నాటేశాం. మిగతా కాయలు లేతగానే కోసి దుకాణానికి పంపేశాం. ఇది పోతే మీ అమ్మగారి గుమ్మడి ఇక లేనట్టే.

మొన్న వచ్చి సంచి నింపుకుని వెళ్ళింది నువ్వొక్కదానివే. నేను గొంతు పెంచే మనిషిని కానని నీకు తెలుసు. అందుకే మెల్లగా అడుగుతున్నాను. ఏం చేశావు?

నీ మేలు కోరే వదిన

తా.క. ఈ సంగతి వినగానే మీ అన్నయ్య అన్నం కూడా ముట్టకుండా పాకలోకి వెళ్ళిపోయారు. పాపం, అంత బాధ.

*

వదిన గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఒక మనిషిని ఇంత మెల్లగా దొంగ అనవచ్చని ఇప్పుడే తెలిసింది.

బయల్దేరే ముందు గుమ్మంలో నిలబడి, నీకోసం తీసిపెట్టాను, మరిచిపోకు అన్నది మీరే. తోట మొత్తంలో ఒక్క కాయకే గుడ్డ కట్టి ఉంటే నేనేమనుకోవాలి? అమ్మ నన్ను చదువుకోమని తోటలోకే రానిచ్చేది కాదు. ఆవిడ గుడ్డలు కట్టేదని నాకెలా తెలుస్తుంది? పైగా అది తీగకు కూడా లేదు. ఎత్తితే చేతిలోకి వచ్చేసింది.

వండాను. చప్పగా ఉంది. ఇరుగుపొరుగు అందరికీ పంచి పరువు పోగొట్టుకున్నాను. గింజలు చెత్తబుట్టలో వేశాను. ఇక మీ తోట కూరలు మాకు పంపనక్కర్లేదు.

ఉంటాను,
మీ ఆడపడుచు

తా.క. మా ఓనరమ్మ మాత్రం రెండుసార్లు వడ్డించుకుంది. ఆవిడకు నాలుక ఉన్నది మాట్లాడడానికే.

*

మరదలికి వదిన రాసేది. దీవెనలు పోయిన ఉత్తరంలోవే వాడుకో.

నన్ను "మీరు" అన్నావు. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నీకు రోజూ జడ వేసిన చేతులివి. సరే, కానీ.

చప్పగా ఉందా? కన్నతల్లి గుమ్మడిని అంత మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది? బెల్లం వేశావా అని జనం అడిగే కాయ అది. తీగకు లేదట! మోకాళ్ళ నొప్పితో నేను వంగలేక, రోజూ దూరం నుంచే ఆ ఎర్రగుడ్డ చూసుకుని తృప్తిపడ్డాను. మరి అది గాలిలో కాసిందా? నేను తీసిపెట్టింది వంకాయలు. అవి గుమ్మం పక్కనే ఎండిపోయాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం.

నాకు ఇప్పటికీ కోపం లేదు. దేవుడి గూటి ముందు దీపం పెట్టి, ఆ గింజలు చూపించు స్వామీ అని రోజూ అడుగుతున్నాను. రేపు ఈ ఉత్తరం చేతికిచ్చి మీ అన్నయ్యను పంపుతున్నాను. ఆ చెత్తంతా ఆయన చేత వెతికించు. దొరక్కపోతే మన రాకపోకలు ఇంతటితో సరి.

వదిన

తా.క. తెల్లవారాక ఆయన వెళ్ళనని మొండికేశారు. మెల్లగా రెండు మాటలు చెప్పాను. బయల్దేరారు.

*

మా వదినకు కోటి దణ్ణాలు.

అన్నయ్య వచ్చాడు. వచ్చీరాగానే వెనక సందులోని చెత్తడబ్బాలో మోచేతుల దాకా చేతులు పెట్టాడు. ఆనాటి చెత్త ఎప్పుడో తీసుకెళ్ళిపోయారని చెప్పినా వినడు. నాకు ఒళ్ళు మండింది. అమ్మ గుమ్మడి చప్పగా ఎలా ఉంటుందో నువ్వైనా చెప్పు అని నిలదీశాను. మెట్ల మీద కూలబడి అంతా కక్కేశాడు.

నేను రాకముందే, నీళ్ళు పెడుతూ కాలు జారి అసలు కాయ మీద పడ్డాడట. కాయ పగిలింది. ముదిరిన కాయే కాబట్టి గింజలకేం కాలేదు. కడిగి ఆరబెట్టాడు. నీకు చెప్పే ధైర్యం లేక, గట్టు మీద పశువుల కోసం వేసిన గుమ్మడి ఒకటి కోసి తెచ్చి అక్కడ పెట్టి, గుడ్డ దానికి కట్టాడు.

చెప్పేస్తే నాలుగు అరిచి ఊరుకునేది కదా అన్నాను.

"అరిచే మనిషయితే చెప్పేవాణ్ణే. మీ వదిన మెల్లగా మాట్లాడుతుంది" అన్నాడు.

గింజలు పొట్లం కట్టి దేవుడి గూట్లో పటం వెనక దాచాడట. నువ్వు రోజూ చూపించమని అడుగుతున్నది వాటి ముందు నిలబడే. పాపం, స్వామి మాత్రం ఏం చేస్తాడు? పక్కకు జరగలేడు కదా.

నన్ను దొంగను చేసినందుకు నీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అది వసంతంలో గింజలు నాటడానికి వచ్చినప్పుడు తీర్చుకుంటాను. భుజాలు తడుముకోవలసిన మనిషి చేతికే ఈ ఉత్తరం ఇచ్చి ఇంటికి పంపుతున్నాను. వదినా, నాకోసం ఒక్క పని చెయ్యి. మెల్లగా మాట్లాడు.

నీ చేత జడ వేయించుకున్న మరదలు

తా.క. అంటే ఇరుగుపొరుగు అందరికీ నేను పెట్టింది పశువుల మేత. ఓనరమ్మ నిన్న మళ్ళీ వచ్చి, ఇంకో కాయ ఉందా అని అడిగింది. ఉంటే పంపించు. పాలిస్తుందేమో చూద్దాం.